పాలు పొంగాక మిగిలిన 64 పనులు

గృహప్రవేశం రోజున ఇంటివాళ్లు తాపీ మేస్త్రికి, వడ్రంగికి, కరెంటు పనివాడికి కొత్త బట్టలు పెడతారు. మంచి ఆచారమే. అయితే ఇరవై రెండేళ్లుగా ఇళ్లు కట్టిస్తున్న నేను గమనించిన సంగతి ఒకటుంది. బట్టలు పుచ్చుకున్న మేస్త్రి మనసులో ఆ ఇల్లు పూర్తయిపోతుంది. మర్నాటి నుంచి అతని తట్టా పారా వేరే స్థలంలో కనిపిస్తాయి. ఫోను చేస్తే "వస్తున్నా సార్" అంటాడు, రాడు. వాడిని తిట్టి లాభం లేదు. మనమే తాంబూలం ఇచ్చి సాగనంపాం కదా!

పని పూర్తికాని ఇంట్లో పాలు పొంగించి, అందులోనే కాపురం ఉంటూ నాలుగున్నర నెలలు పని చేయించిన ఒక ఇంటి కథ ఇది. అందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అదీ రాస్తున్నాను.

ఇల్లు, తేదీ

ఇల్లు తెనాలి శివారులో. 200 గజాల స్థలం, తూర్పు ముఖం. కింద హాలు, వంటగది, రెండు పడక గదులు, ఒక బాత్రూము. పైన రెండు గదులు, ఒక బాత్రూము, మిగతాది ఖాళీ డాబా. యజమాని ఎరువుల దుకాణం నడుపుతారు. ఆయన భార్య ప్రభుత్వ పాఠశాలలో టీచరు. పదేళ్ల బాబు, ఆరేళ్ల పాప, ఆయన తల్లి. ఆవిడను వీధిలో అందరూ మామ్మగారు అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. మామ్మగారికి ఆయాసం. ఈ ఒక్క విషయం తరువాతి పనులన్నిటి వరుసనూ మార్చింది.

2025 జూన్ 6, శుక్రవారానికి ముహూర్తం కుదిరింది. అది తప్పితే గురు మౌఢ్యం, దాని వెన్నంటే జూన్ 26 నుంచి ఆషాఢం. మళ్లీ మంచి రోజు కావాలంటే జూలై 25న శ్రావణం వచ్చేదాకా ఆగాలి. అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని అప్పటికే మాట ఇచ్చేశారు. జూన్ 12న బడులు తెరుస్తారు. నేను శ్రావణం అన్నాను, పురోహితుడు జ్యేష్ఠం అన్నారు, మామ్మగారు పురోహితుడి వైపు మొగ్గారు. నా వాదన అక్కడితో ముగిసింది. ముహూర్తాలతో వాదించే ఇంజనీరు ఈ జిల్లాల్లో ఎక్కువ కాలం బతకలేడు. ఆ తేదీకి పని ఎలా అమర్చాలో చూసుకోవడమే మన పని.

మే 20న ఇంటి పరిస్థితి ఇది. కింద టైల్స్ పూర్తి. లోపలి పూత పూర్తి, లప్పం రెండు చేతులు పడింది. వంటగదిలో గ్రానైట్ గట్టు ఉంది, కింద అరలు లేవు. వైర్లు లాగారు, స్విచ్ బోర్డులు బిగించలేదు. ద్వారబంధాలన్నీ నిలబెట్టారు కానీ ఏడు తలుపుల్లో రెండే ఎక్కాయి. పై అంతస్తు పూత మే 10న ముగిసింది, అక్కడ టైల్స్ లేవు. మెట్లకు రెయిలింగు లేదు. ప్రహరీకి పూత లేదు, గేటు లేదు, బయటి రంగు ఊసే లేదు. చేతిలో పదిహేడు రోజులున్నాయి. దానికి తోడు ఆ ఏడాది నైరుతి రుతుపవనాలు మే 24కే కేరళ చేరాయి. వానలకు ఇంకా టైముందిలే అనుకున్న బయటి పనుల లెక్క అక్కడే తప్పింది.

ఏది ముందు

యజమాని కోరిక సహజమైనదే. హాలు మెరవాలి, దేవుడి గూడు వెనుక గోడకు ముదురు రంగు పడాలి, వచ్చిన బంధువులు బాగుందనాలి. నేను మాత్రం వెనక బాత్రూము, వంటగది నీళ్ల గొట్టం, మెట్లు అంటూ కూర్చున్నాను. "వచ్చేవాళ్లు హాలు చూస్తారు సరే, ఆ రాత్రి ఇక్కడ పడుకునేవాళ్లు బాత్రూముకే కదండీ వెళ్లాలి" అన్నాను. టీచరుగారు నవ్వి నా పక్షం వచ్చారు.

మిగిలిన పనులను విడగొట్టడానికి నేను ప్రతి పనినీ నాలుగు ప్రశ్నలు అడుగుతాను. ఇది నీళ్లు పారించే పనా? దుమ్ము లేపేదా? వాసన వేసేదా? తల మీద పరంజా కట్టి చేసేదా? కాపురం ఉండబోయే గదుల్లో ఈ నాలుగింటిలో ఏదైనా ఉంటే అది ముహూర్తానికి ముందే అయిపోవాలి. స్క్రూడ్రైవరుతో ఒక మనిషి వచ్చి గంటలో ముగించే పని ఎంత ముఖ్యమైనదైనా తరువాత చేయవచ్చు. కర్టెన్ రాడ్డు లేకపోతే దుప్పటి కట్టుకుంటారు. టైలు కోసే మిషను పక్కన మాత్రం ఎవరూ అన్నం తినలేరు.

అలా చూసి కింద ఒక పడక గది, వంటగది, వెనక బాత్రూము, ఈ మూడింటిని వందకు వంద శాతం ముగించాలని, పై బాత్రూము తప్ప మిగతావి ఎక్కడివక్కడ ఆపేయాలని నిర్ణయించాం. అన్ని గదులూ ఎనభై శాతం ఉండటం కన్నా మూడు గదులు పూర్తిగా ఉండటం నయం. పూర్తయిన గది తలుపు వేసుకుంటే లోపల ఇల్లు, బయట సైటు. ఎనభై శాతం గదుల్లో ఎటు చూసినా సైటే.

బాత్రూములో గోలీ పరీక్ష చేశాం. నేల మీద ఎక్కడ గోలీ వదిలినా అది దొర్లుకుంటూ జాలీ దగ్గరికి రావాలి. అడుగుకు పావు అంగుళం వాలు పెడితే వస్తుంది. ఒక మూల నిలబడిపోయింది, రెండు టైల్స్ తీసి మళ్లీ వేయించాను. పై బాత్రూము వంటగదికి సరిగ్గా నెత్తిన ఉంది కాబట్టి అక్కడ టైల్స్ పడకముందే నీళ్లు కట్టి మూడు రోజులు ఉంచాం. మట్టం తగ్గితే అది ఇంకిందా, ఎండకు ఆవిరైందా అని ప్రతిసారీ గొడవ వస్తుంది. పక్కనే ఒక బకెట్టులో నీళ్లు పోసి దానికీ గీత పెడితే గొడవ ఉండదు. రెండూ సమానంగా తగ్గాయి. కారడం లేదు.

కరెంటు విషయంలో కొంచెం మొండిగా ఉన్నాను. కింద ప్రతి బోర్డుకూ ప్లేటు పడాల్సిందే, స్విచ్ లేని చోట ఖాళీ ప్లేటు అయినా పడాలి. పై అంతస్తు లైన్లను ఆపే ఎంసీబీలు దించి టేపు చుట్టించాను. కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించి, టెస్ట్ బటన్ నొక్కి, అది టక్కున పడటం టీచరుగారికి చూపించాను. పనివాళ్ల కటింగ్ మిషన్లకు, డ్రిల్లులకు వేరే లైను, దానికి మరో ఆర్‌సీసీబీ. ఈ రెండోది దండగ ఖర్చని యజమాని అన్నారు. తడి చేత్తో మిషను పట్టుకునే కుర్రవాడి వల్ల అది పడినప్పుడల్లా ఇంట్లో ఫ్యాను ఆగిపోతే నాకే ఫోను చేస్తారని చెప్పాను. తరువాతి నెలల్లో ఆ ఆర్‌సీసీబీ రెండుసార్లు పడింది. రెండోసారి వైరు తెగి తడినేల మీద ఉంది.

మెట్లకు స్టీలు రెయిలింగు సమయానికి రాదని తేలిపోయింది. ఆరేళ్ల పాప ఉన్న ఇంట్లో దాన్ని జాబితాలో "మిగిలిన పని" అని రాసి ఊరుకోలేం. సరుగుడు కర్రలు మూడున్నర అడుగుల ఎత్తున కట్టించి, మధ్యలో నాలుగు అంగుళాలకు మించి సందు లేకుండా అడ్డకర్రలు బిగించాం. మెట్ల పైమలుపు దగ్గర ప్లైవుడ్ తలుపు, దానికి తాళం. చూడటానికి పశువుల దొడ్డిలా ఉందని బంధువులు నవ్వారు. నవ్వనీయండి.

సంపు సంగతి చాలామంది మరిచిపోతారు. కొత్త సిమెంటు తొట్టిలో మొదటి నీళ్లు సున్నపు రుచి వస్తాయి, చర్మం మీద పడితే దురద. నింపి, నాలుగు రోజులు ఉంచి, తోడేసి, మళ్లీ నింపి తోడేశాం. మూడోసారి నింపిన నీళ్లే వాడకానికి.

మూడు నిద్రలు

పాలు పొంగాయి, వ్రతం అయింది, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టారు. మేస్త్రులకు బట్టలు పెట్టారు. ఆ రాత్రి ఇంట్లో పదకొండు మంది. మూడు నిద్రలు అయ్యేదాకా ఇంట్లో సుత్తి చప్పుడు వినపడకూడదని మామ్మగారి ఆజ్ఞ. మొదట విసుగనిపించింది. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ నేనే ఆ మాట చెబుతున్నాను, ఎందుకంటే ఆ మూడు రాత్రులకు మించిన తనిఖీ లేదు.

నా దగ్గర ఉన్న పనుల జాబితా నేను రాసుకున్నది. గోడ చూసి, నేల చూసి, గుమ్మం చూసి రాశాను. జూన్ 6 సాయంత్రానికి అందులో 50 పనులున్నాయి. ఆ నోటుపుస్తకాన్ని వంటగది గట్టు మీద పెట్టి, పెన్సిలుకు దారం కట్టి, ఎవరికి ఏ ఇబ్బంది కనిపించినా ఇందులో రాయండని చెప్పి వచ్చాను. మూడో రోజు వెళ్లేసరికి మరో పద్నాలుగు చేరి 64 అయ్యాయి. టీచరుగారు ఎర్ర పెన్నుతో నా అక్షరదోషాలు కూడా దిద్ది ఉంచారు.

ఆ పద్నాలుగింటిలో నేను కనిపెట్టగలిగినవి నాలుగైదుకు మించవు. బాత్రూములో తువ్వాలు తగిలించడానికి కొక్కెం లేదు. లోపలి గడియ పాప చేతికి అందదు, అందినప్పుడు మళ్లీ తీయడం రాదు. మిక్సీ ప్లగ్గు సింకుకు జానెడు దూరంలో ఉంది. రాత్రి ఎదురింటి వీధి దీపం వెలుగు నేరుగా మామ్మగారి కళ్లలో పడుతోంది. బియ్యం డబ్బా పెట్టడానికి చోటు లేదు. నేలబారుగా ఉన్న ఒక స్విచ్ బోర్డు మీద బాబు చీపురు ఆనించాడు. మామ్మగారికి కళ్లద్దాలు, మందులు పెట్టుకోవడానికి మంచం దగ్గర ఒక చిన్న బల్లయినా కావాలి. ఇవన్నీ ఇంట్లో పడుకుని లేచిన మనిషికే తెలుస్తాయి. టేపు పట్టుకుని తిరిగేవాడికి తెలియవు.

నాలుగో రోజు

జూన్ 9, సోమవారం ఉదయం ఏడు గంటలకు ఫోను. బాత్రూములో నీళ్లు పోవడం లేదు, చీలమండ లోతు నిలిచాయి. వెళ్లి చూశాను. మొగ్గ విచ్చినట్టు జాలీలోంచి మురికి నీళ్లు పైకి వస్తున్నాయి. సబ్బు నురగ, వెంట్రుకలు, దానిలో తేలుతున్న ఒక బంతిపూవు. పదకొండు మంది, ఒక్క బాత్రూము.

ప్లంబరు జాలీ తీసి లోపల చెయ్యి పెట్టాడు, ఖాళీగానే ఉంది. స్ప్రింగు తీగ దించితే పదమూడు అడుగుల దగ్గర ఆగిపోయింది. మెత్తగా ఆగలేదు, రాయికి తగిలినట్టు ఆగింది. అంటే పై బాత్రూము నుంచి దిగే మూడంగుళాల గొట్టం, కింది బాత్రూము గొట్టం కలిసిన తరువాత, పక్క సందులో మలుపు తిరిగే చోట. సందులో గచ్చు పగలగొట్టి, రెండడుగుల లోతు తవ్వి, బెండు దగ్గర గొట్టం కోశాం. ప్లంబరు దాన్ని నేలకేసి కొడితే లోపలి నుంచి ఒక ముద్ద ఊడిపడింది. బెండు లోపలి వంపు అచ్చు గుద్దినట్టు దాని మీద ఉంది. తెల్ల సిమెంటు, టైలు పొడి, బూడిద రంగు చారలు పొరలు పొరలుగా. దాని మీద మిగిలిన వేలెడు సందులో నాలుగు రోజుల వెంట్రుకలు అడ్డం పడి మూతలా బిగుసుకున్నాయి.

పై బాత్రూములో టైల్స్ పని జూన్ 4న ముగిసింది. మర్నాడు సందుల్లో తెల్ల సిమెంటు పూసి, గంటయ్యాక తుడిచి, ఆ బకెట్లన్నీ అక్కడే జాలీలో పోశారు. అంతకు ముందు టైలు కోసిన బురద కూడా అందులోకే వెళ్లింది. అలా పోయమన్నది ఎవరు? జూన్ 5 సాయంత్రం పైకి వెళ్లి, "తెల్లారితే పూజ, శుభ్రంగా కడిగేసి వెళ్లండి" అన్నది నేనే. ఎక్కడికి కడగాలో చెప్పలేదు. సిమెంటు నీళ్లలో కూడా గట్టిపడుతుందని, నీళ్లు దొరికితే ఇంకా బాగా గట్టిపడుతుందని రోజూ కూలీలకు చెప్పే నేను, ఆ క్షణంలో అది మట్టి నీళ్లన్నట్టే చూశాను.

గొట్టం మార్చి, పూడ్చి, గచ్చు వేసేసరికి సాయంత్రం నాలుగైంది. 4,800 రూపాయలు నేను పెట్టుకున్నాను. మామ్మగారు వరండాలో కుర్చీ వేసుకుని అంతా చూశారు. చివర్లో అన్నారు: "ఇంజనీరు బాబూ, గుమ్మానికి గుమ్మడికాయ కట్టాం కానీ గొట్టానికి కట్టడం మరిచిపోయామయ్యా."

అప్పటి నుంచి నా సైట్లలో టైల్స్ మొదలయ్యే ముందే ప్రతి జాలీలో గోనె ముక్క కుక్కి, పైన ప్లాస్టిక్ కట్టించి, దాని మీద పల్చగా ఇసుక సిమెంటు వేయిస్తున్నాను. డాబా మీద ఒక పాత డ్రమ్ము ఉంటుంది. కడిగిన నీళ్లన్నీ అందులో. మర్నాటికి పైన తేరిన నీటిని మొక్కలకు దూరంగా మట్టిలో వంపి, అడుగున పేరుకున్నదాన్ని తవ్వి బయట పారేస్తారు. ఇంటి వాళ్లకు తాళాలు ఇచ్చే ముందు, మూతలు తీశాక, ఒక్కో బాత్రూములో ఒకేసారి నాలుగు బకెట్లు పోసి వీధి వైపు గుంటలో ఎంత సేపటికి వచ్చాయో చూస్తాం. ఒక చెంబు పోసి "పోతున్నాయి" అనుకోవడం పరీక్ష కాదు.

మేస్త్రి లెక్క నుంచి గది లెక్కకు

ఖాళీ ఇంట్లో పని మేస్త్రి వారీగా నడుస్తుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఇల్లంతా ముగించి వెళ్తాడు, వెనుక పెయింటరు ఇల్లంతా, ఆ వెనుక వడ్రంగి. కూలీ కలిసొస్తుంది. మనుషులు దిగిన ఇంట్లోనూ అదే పద్ధతి పట్టుకుంటే నెల తిరిగినా ఒక్క గది కూడా చేతికి రాదు. సామాను ఈ గది నుంచి ఆ గదికి, ఆ గది నుంచి మళ్లీ ఈ గదికి. జూన్ 10న టీచరుగారి ముందు కూర్చుని పద్ధతి మార్చాం. ఒక్కో గదిని పూర్తిగా ఖాళీ చేయడం, గాడి కొట్టడం నుంచి తుడుపు దాకా అందరూ వరసగా ఆ ఒక్క గదిలోనే చేయడం, ఆమె చూసి నోటుపుస్తకంలో సంతకం పెట్టాకే తరువాతి గది ముట్టుకోవడం.

ఎలక్ట్రీషియన్ ఒప్పుకోలేదు. ఒక్కో గదికి అరపూట పని కోసం ఆరుసార్లు రావాలా అన్నాడు. న్యాయమే. రోజు కూలీ కాకుండా వచ్చినప్పుడల్లా ఇంత అని మాట్లాడుకున్నాం. నా అంచనాలో 38 మనిషి రోజులు పడతాయనుకున్న పని 61 రోజులు పట్టింది. ఈ తేడా కాపురం ఉంటూ పని చేయించుకోవడానికి కట్టిన అద్దె అనుకోవాలి. ముందే చెప్పి ఉంటే యజమాని శ్రావణానికి ఒప్పుకునేవారేమో. చెప్పలేదు, ఎందుకంటే అప్పటికి నాకూ ఆ అంకె తెలియదు.

పని వేళలు పదింటి నుంచి నాలుగింటి దాకా. పిల్లలు బడిలో, టీచరుగారూ బడిలో, ఇంట్లో మామ్మగారు ఒక్కరే. టైలు, ఇటుక, కాంక్రీటు కోసినప్పుడు లేచే పొడిలో ఊపిరితిత్తులకు చేటు చేసే సన్నని ఇసుక రేణువులుంటాయి. ఆరోగ్యవంతుడికే మంచిది కాదు, ఆయాసం ఉన్న మనిషి పక్క గదిలో ఉండగా అసలు కుదరదు. కోత అంతా పెరట్లో, నీళ్లు పోస్తూనే. పని జరిగే గది గుమ్మానికి టార్పాలిన్ దించి, గడప దగ్గర తడి గోనె పరిచేవాళ్లం. కిటికీ ఊచలకు ఎనామిల్ రంగు లోపల వేయవద్దని, విప్పి తెచ్చి పెరట్లో వేయమని చెప్పాను. తలుపులకు పాలిష్ పట్టే ఎనిమిది రోజులు మాత్రం మామ్మగారు గుంటూరులో కూతురింటికి వెళ్లారు. ఆవిడ తిరిగొచ్చి మొదట వాసన చూసింది తలుపు కాదు, బట్టల బీరువా. బీరువా తలుపు మూసి ఉంచితే పాలిష్ వాసన లోపల నెలల తరబడి ఉంటుంది. వారం రోజులు తెరిచి ఉంచమని చెప్పి రావలసింది.

రెండో పడక గది అయిదు రోజుల్లో అయింది. పై గదులకు టైల్స్, తలుపులు, రంగు కలిపి జూలై అంతా పట్టింది. స్టీలు రెయిలింగు జూలై 3న వచ్చింది. సరుగుడు కర్రలను యజమాని పారేయనివ్వలేదు, పెరట్లో బీరపాదుకు పందిరి వేయించారు.

ముదురు ఎరుపు గోడ

దేవుడి గూడు గురించి చెప్పాలి. వాస్తు చూసినాయన మే మధ్యలో వచ్చి గూడు రెండడుగులు ఉత్తరానికి జరగాలన్నారు. పాతది మూసి, కొత్తది తొలిచి, మే 18న ఆ గోడకు మళ్లీ పూత వేశాం. మామూలుగా పూత ఆరడానికి 28 రోజులు వదిలి ఆ తరువాతే లప్పం, రంగు మొదలుపెడతాను. ఈ గోడకు జూన్ 3న, అంటే పదహారో రోజున, ముదురు ఎరుపు పడింది. నేను వద్దన్నాను.

వద్దనడానికి ఆధారం కూడా చూపించాను. జూన్ 1 సాయంత్రం రెండడుగుల చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో ఆ గోడకు అంటించాం. మర్నాడు సాయంత్రం చూస్తే కాగితం లోపలి వైపు, ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు కనిపించేటన్ని నీటి చుక్కలు. గోడ ఇంకా నీళ్లు వదులుతోంది. "ఫొటోలు బాగా రావాలండీ" అన్నారు యజమాని. ఫొటోలు బాగానే వచ్చాయి.

జూలై రెండో వారానికి గూడు కింద బుడగలు లేచాయి. గోటితో గీకితే రంగు అప్పడంలా ఊడొచ్చింది, వెనుక తెల్లటి ఉప్పు పొడి. ఆ ప్రాంతపు బోరు నీళ్లలో ఉప్పు ఉంది. పూతలో ఉన్న లవణాలు, ఆ నీళ్ల లవణాలు కలిసి, గోడ ఆరేకొద్దీ తేమతో పాటు పైకి వస్తాయి. రంగు దారి మూసేస్తే రంగునే తోసుకుని వస్తాయి. ఇలాంటప్పుడు చాలామంది గోడను నీళ్లతో కడుగుతారు. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి, ఆ పొడిని ఎత్తి పారేయాలి. అలా మూడుసార్లు దులిపి, గోడను సెప్టెంబరు దాకా ఉత్త పూతతో వదిలేశాం. ప్లాస్టిక్ కాగితం పొడిగా వచ్చాక క్షారాన్ని తట్టుకునే ప్రైమరు, లప్పం, రంగు. ఈసారి లేత గంధం రంగు. ఎరుపు మామ్మగారికి మొదటి నుంచీ నచ్చలేదట.

వడ్రంగి, డబ్బు

గృహప్రవేశానికి నాలుగు రోజుల ముందు వడ్రంగి చేతిఖర్చుకు అడిగితే, శుభమా అని ఎందుకు కాదనాలని యజమాని ఇచ్చేశారు. లెక్క చూస్తే ఒప్పుకున్న మొత్తంలో 95 శాతం వెళ్లిపోయింది. పని 60 శాతం కూడా కాలేదు. బట్టలు కూడా పెట్టారు. ఇక అతను 26 రోజులు కనిపించలేదు. మోసగాడేమీ కాదు, మంచి పనివాడు. శ్రావణ ముహూర్తాలకు ఇంకో మూడు ఇళ్ల తలుపులు ఒప్పుకున్నాడు, అక్కడ డబ్బు ఉంది, తొందర ఉంది. మన ఇంట్లో ఆ రెండూ లేవు.

అతను లేని ఆ రోజుల్లో వానలకు రెండు తలుపులు ఉబ్బి గుమ్మానికి పట్టేశాయి. చిత్రిక పట్టమని ఇంట్లో ఒకటే గొడవ. నేను ఒప్పుకోలేదు. వానాకాలంలో చిత్రిక పడితే చలికాలానికి చెక్క సర్దుకుని వేలు దూరే సందు వస్తుంది. పాలిష్ తలుపు రెండు ముఖాలకే పట్టి, పైఅంచు, కిందిఅంచు వదిలేయడం మన వైపు ఉన్న దురలవాటు. చెక్క తేమ తాగేది అక్కడే. తలుపు దించి, ఎండ తగిలే రోజున ఆరబెట్టి, ఆరు వైపులా సీలరు పట్టించి మళ్లీ ఎక్కించాం. ఒకటి సర్దుకుంది. రెండోదానికి నూలుపోగంత చిత్రిక తప్పలేదు.

ఈ అనుభవం తరువాత నా ఒప్పందాల్లో ఒక వాక్యం చేర్చాను. ప్రతి మేస్త్రి మొత్తంలో 15 శాతం, ఇంటి ఇల్లాలు ఆఖరి గదికి సంతకం పెట్టాకే. ఇంజనీరు సంతకానికి విలువ లేదు, ఎందుకంటే ఆ గదిలో పడుకునేది ఇంజనీరు కాదు. ఇదే షరతు నా ఫీజుకు కూడా పెట్టుకున్నాను. బట్టల విషయంలో ఒక చిన్న మార్పు కూడా సూచిస్తున్నాను. గృహప్రవేశం నాడు తాంబూలం, భోజనం, ధోవతి ఇవ్వండి. చొక్కా గుడ్డ మాత్రం ఆఖరి రోజుకు ఉంచండి. నవ్వులాటగా మొదలైంది కానీ ఒకరిద్దరు నిజంగానే అలా చేశారు. ఆ చొక్కా గుడ్డ కోసమైనా మేస్త్రి ఒకసారి వచ్చి మొహం చూపిస్తాడు.

మరో చిన్న సంగతి. ఇల్లు కట్టేటప్పుడు తీసుకున్న తాత్కాలిక కరెంటు కనెక్షనును ఇంటి వాడకం కిందికి మార్పించుకోవడం ఈ హడావిడిలో పడి మరిచిపోయారు. యూనిట్ ధర తేడా జూలై బిల్లు చూశాక గానీ తెలియలేదు. ఆ పని కూడా జాబితాలో ఉండాలి. నా జాబితాలో లేదు, 65వదిగా రాశాం.

అక్టోబరు

అక్టోబరు 20 నాటికి 65 పనుల్లో 61 పూర్తయ్యాయి. మిగిలినవి బయటి రంగు, గేటు రంగు, అటక తలుపులు, మెట్ల గది పైకప్పు మీద వాన నీరు దిగే గొట్టం. బయటి రంగు దసరాకే వేయిద్దామన్నారు యజమాని. ఈశాన్య రుతుపవనాల నెలలు, మన తీరానికి తుపాన్లు వచ్చే కాలం, సంక్రాంతికి ముందు వేద్దామన్నాను. ఎరుపు గోడ గుర్తుండబట్టి ఈసారి వాదించలేదు.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు ఉదయం నేనే ఫోను చేశాను. ఇల్లు బాగానే ఉంది, మెట్ల గదిలో మాత్రం గోడ వెంట నీళ్లు కారాయి. వాన నీటి గొట్టం లేని చోటే. గొట్టం పెట్టడానికి ప్లంబరు రాకుండా మూడు వారాలు వాయిదా వేస్తూ వచ్చాడు, నేనూ గట్టిగా పట్టుకోలేదు. నవంబరు మొదటి వారంలో గొట్టం పడింది. తడిసిన గోడకు మళ్లీ ప్లాస్టిక్ కాగితం అంటించి వచ్చాను.

అటక తలుపులు వద్దనుకున్నారు, తెర కట్టుకున్నారు. ఇంటి బయటి రంగు, గేటు రంగు ఇంకా మిగిలి ఉన్నాయి. వడ్రంగికి చివరి పైసా ముట్టింది, పెయింటరుకు 15 శాతం ఆపారు. నా ఫీజులో పదిహేను వేలు ఇంకా టీచరుగారి దగ్గరే ఉన్నాయి. మొన్న వెళ్లినప్పుడు కాఫీ ఇచ్చారు, నోటుపుస్తకం తెచ్చి గేటు పని ఉన్న వరుస చూపించారు, డబ్బు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.